నాలుగో గేటు

ఆ ఎండాకాలం నా దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకటి నా డైరీ. రెండోది నీళ్ల ఆఫీసు వాళ్లు పిన్నికిచ్చిన గళ్ల పుస్తకం. డైరీలో ఏం రాసినా అడిగేవాళ్లు లేరు. అయినా అందులో అబద్ధం ఎప్పుడూ రాయలేదు. రెండోదాంట్లో మూడు రాశాను.

మా బడి బావి అడుగంటడంతో సెలవులు నెల ముందే ఇచ్చేశారు. అమ్మ నన్ను బస్సెక్కించి పిన్ని దగ్గరికి పంపింది. "అక్కడ కుళాయి వస్తుంది. కడుపునిండా తాగు, పిన్నికి పనిలో సాయం చెయ్యి. ఎవరైనా పలకరిస్తే తల దించుకుని కాలి వేలితో నేల గీకుతూ నిలబడకు" అని చెప్పింది. మొదటి రెండూ చేశాను.

పిన్ని ఫోటోగ్రాఫరు. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆమె స్టూడియో మూతపడింది. ఏడాది తర్వాత దొరికిన మొదటి పని ఇదే. ఊరి చివర, ఎండి పసుపెక్కిన కొండ కింద వరసగా కట్టిన కొత్త ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ చాపంత పచ్చిక. ఆ ఇళ్లలో నీళ్లు వృథా చేసేవాళ్లను ఫోటోలు తీసి ఆఫీసుకివ్వాలి. నీళ్లు ఉదయం అయిదున్నరకు వచ్చి ఆరున్నరకు పోయేవి. ఆ గంటలోనే మా పని.

"ఫోటోలో రెండుండాలి" అని పిన్ని మొదటి రోజే చెప్పింది. "ఇంటి నంబరు, పారే నీళ్లు. రెండూ ఒకే ఫోటోలో పడాలి. మొహాలు తియ్యకూడదు. నువ్వు పుస్తకంలో తారీఖు, టైము, నంబరు, ఏం చేస్తున్నారో ఒక్క ముక్క రాయి. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నావి కోడి గీసినట్టుంటాయి. ఒకే ఇల్లు మూడుసార్లు దొరికితే కుళాయికి సీలేస్తారు."

"నంబరు కనపడకపోతే?"

"నీళ్లకి ఎదురు నడు. తడి ఎక్కడ మొదలైందో అదే ఇల్లు."

అది నాకు కొత్తేమీ కాదు. పొలంలో గట్టు తెగితే నాన్న కూడా అలాగే, నీళ్లు పోతున్న వైపు కాకుండా వస్తున్న వైపు నడిచేవాడు.

వీధిలో పిన్నికి నీళ్ల పోలీసు అని పేరు పడింది. నన్ను పోలీసు తోక అనేవాళ్లు. మూలింటి లెక్కల మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది. రెండో రోజే గొట్టంతో సహా దొరికిపోయారు. ఆయన స్కూటరు మీద నుంచి నీళ్లు ధారలుగా కారుతున్నాయి.

"నేను బండి కడగట్లేదమ్మాయ్. మొక్కకి పోస్తుంటే బండి అడ్డమొచ్చింది."

"మొక్కేదీ మాస్టారూ?"

"ఇంకా మొలవలేదు." ఆయన గొట్టం వీపు వెనక దాచుకున్నారు. నీళ్లు ఆయన పంచెను తడుపుతూనే ఉన్నాయి. "మా మనవడి పుట్టినరోజుకి పిలిస్తే కేకు కోశాక వచ్చావు. గొట్టం పట్టుకుంటే మాత్రం నిమిషంలో ప్రత్యక్షం."

పిన్ని నవ్వుతూనే ఫోటో తీసింది. నేను రాసుకున్నాను.

నీళ్లు లేని చోట నీళ్లను ఫోటో తీయడం తేలిక. అక్కడ మెరిసేవి అవొక్కటే. సాయంత్రం పిన్ని ఫోటోలన్నీ కంప్యూటర్లో వరసగా చూసుకునేది. మొహాలు ఉండవు కాబట్టి ఒక చేయి, ఒక గొట్టం, పొంగుతున్న ట్యాంకు, తడి మెట్లు, రెండు పాదాలు, అంతే. చూస్తూ ఉంటే, ఆ ఇళ్లలో వాళ్లంతా ఎప్పుడో వెళ్లిపోయారనీ, కుళాయిలు కట్టేయడం ఒక్కటే మరిచిపోయారనీ అనిపించేది. ఆ మాట డైరీలో రాసి, భయమేసి, పేజీ మడిచేశాను.

బాబాయి దూరాలకు లారీ తోలేవాడు, నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది పిన్ని, నేను, పిన్ని అత్తగారు. ఆవిణ్ణి నేను బామ్మా అనేదాన్ని. బామ్మకు మతిమరుపు. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఒక కాలికి నీలం చెప్పు వేసుకుని, రెండూ ఒకటే అని వాదించేది. ఒకసారి పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయి వంటిల్లు మసి చేసింది. ఒకసారి గేటు దాటి వెళ్లి మధ్యాహ్నానికి దొరికింది.

"ఇంకొక్క పొరపాటు చేసిందంటే పెద్దాయనింటికి పంపక తప్పదే" అంది పిన్ని నాతో. "పని చూసుకోనా, కాపలా కాయనా?"

పెద్దాయన బామ్మ పెద్దకొడుకు. ఆ ఇంటి గురించి బామ్మ నాకొక్కటే చెప్పింది. "ఆ గదికి గడియ బయట ఉంటుందే" అంది. అన్నీ మరిచిపోయే మనిషి, అది మాత్రం రెండు మూడు రోజులకోసారి చెప్పేది.

మా పక్కింట్లో రంగులావిడ ఉండేది. పాత చీరలకూ దుప్పట్లకూ కొత్త రంగులు అద్దేది. ఒంటరి మనిషి, పెద్ద గొంతు. సాయంత్రాలు ఆవిడ వెనక వాకిట్లో కూర్చుని చూసేదాన్ని. మూడు తొట్లు. పసుపు ముంచిన నీళ్లు ఎరుపుకి పనికొచ్చేవి, ఎరుపు నీళ్లు నలుపుకి. చివర మిగిలిన చెంబెడు నల్లనీళ్లు గుమ్మం ముందు దుమ్ము లేవకుండా చల్లేది.

"చూశావా పాపా, ఒకటే నీళ్లు, మూడు పెళ్లిళ్లు. మీ పిన్నిని పిలుచుకురా, నన్ను కూడా తీస్తుందేమో చూద్దాం."

నేను నవ్వాను.

"అబ్బో, నోరుంది నీకు. మూగదానివనుకున్నాను."

ఇళ్ల వెనక సన్నటి సందు ఉంది. వెనక గేట్లకు నంబర్లు ఉండవు. అందుకని కింది నుంచి లెక్కపెట్టి మొదటి గేటు, రెండో గేటు అని రాసేవాళ్లం. రంగులావిడది నాలుగు. మాది అయిదు, అన్నిటికంటే పైన.

నేనొచ్చిన మూడో వారంలో ఒక ఉదయం సందు మొదట్లో నీళ్లు కనిపించాయి. పిన్ని అక్కడే నిలబడి పైకి కెమెరా పెట్టి ఫోటో తీసింది. "ఎక్కడిదో చూసి రాసుకో. నేను ముందు వీధి చూస్తాను, టైమైపోతోంది" అని వెళ్లిపోయింది.

నీళ్లకి ఎదురు నడిచాను. మొదటి గేటు పొడిగా ఉంది. రెండోది పొడి. మూడోది పొడి. నీళ్లు సందుకు ఒక పక్కగా సన్నగా వస్తున్నాయి. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. నాలుగో గేటు ముందు ఆగాను. తడి ఆ గేటు కింద నుంచి రావట్లేదు, ముందు నుంచి పోతోంది. ఇంకో పాతిక అడుగులు నడిచాను.

మా గేటు తీసి ఉంది. బామ్మ కుళాయి పక్కన పీట మీద కూర్చుంది. డ్రమ్ములు నిండి ఉన్నాయి. కుళాయికి తగిలించిన గొట్టం సందులోకి పడేసి ఉంది. బామ్మ ఆ చప్పుడు వింటోంది.

"బామ్మా, కట్టేస్తాను."

"వద్దే. కట్టేస్తే అలుగుతాయి. నేను కొత్త కోడల్ని అప్పుడు. బావి నిండుగా ఉంది కదా, పిల్లలు పడతారని నేనే మూత వేయించాను. మూడేళ్లు రాలేదు నీళ్లు. ఎవరూ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండు."

కట్టేశాను. ఆవిడ అరవలేదు. కుళాయి కింద అరచెయ్యి పట్టి, చివరి చుక్కలు పడుతుంటే నా మొహంలోకి చూసింది. నేను తిరిగి సందులోకి వచ్చేసరికి వెనక మళ్లీ నీళ్ల చప్పుడు.

పుస్తకం గోడకు ఆనించి రాశాను. 'నాలుగో గేటు. గొట్టం వదిలేశారు.' అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

ఒక్కసారికి ఏమీ కాదులే అనుకున్నాను. మూడైతేనే కదా సీలు. అయిదని రాస్తే అదే రోజు తెలుస్తుంది. ఫోటోలు తీసేవాళ్ల ఇంట్లోనే వృథా జరిగితే పని పోతుందని పిన్ని సంతకం పెట్టిన కాగితంలో ఉంది. ఆ తర్వాత బామ్మ, గడియ బయట ఉన్న గది.

తొమ్మిది రోజులకు మళ్లీ వచ్చాయి నీళ్లు. ఆ తర్వాత అయిదు రోజులకు మూడోసారి. మూడుసార్లూ పైదాకా నడిచాను. మధ్య రోజుల్లో బామ్మను బతిమాలాను, గొట్టం దాచాను. ఆవిడ ఇంకో గొట్టం వెతుక్కుంది. ఎక్కడ పెట్టిందో ఏదీ గుర్తుండని మనిషికి అది మాత్రం దొరికేది. మూడోసారి రాసేటప్పుడు పెన్ను ఆగింది. అది మూడోదని తెలుసు. ఆగిన చోట చుక్క పడింది. ఆ చుక్క మీదుగానే రాసేశాను.

నోటీసు పట్టుకుని రంగులావిడ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ వీధిలోంచే కేకేసే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి లోపలికొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, ఆఫీసుకి వెళ్లాను. ఈ ఫోటో మీరు తీసిందేనంటున్నారు. జిరాక్సులో అంతా నల్లగానే ఉంది. ఒక్కసారి రంగుల్లో చూపిస్తావా?"

పిన్ని కంప్యూటరులో తెరిచింది. సందు, ఎండ, ఒక పక్కగా పారే నీళ్లు. రంగులావిడ వంగి చాలాసేపు చూసింది. గోళ్ల చుట్టూ నలుపు దిగిన వేలు తెరకు తగలకుండా పట్టుకుంది.

"నీళ్లు తేటగా ఉన్నాయి" అంది.

"అక్కా, పుస్తకంలో నాలుగో గేటని ఉంది."

"మా ఇంట్లోంచి తేట నీళ్లు ఎప్పుడమ్మా బయటికొచ్చాయి? ఆఫీసులో అదే చెప్పాను. రంగులద్దేదానివి, నీళ్లు వాడవా అన్నారు. వాడతాను. అదే కదా నా పని." నోటీసు వెనక జత చేసిన కాగితం తిప్పింది. మా గళ్ల పుస్తకంలోని పేజీ జిరాక్సు. "ఇది ఎవరు రాశారు?"

నేను తలుపు పక్కన ఉన్నాను.

"నేనే" అంది పిన్ని.

రంగులావిడ ఆ గుండ్రటి అక్షరాలు చూసింది. పిన్నిని చూసింది. నా వైపు చూడలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

పిన్ని ఫోటో పైమూలను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. గొట్టం కొస, తీసి ఉన్న గేటు అంచు, దాని పక్కన రెండు పాదాలు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నేను ఏదో చెప్పబోయాను. పిన్ని కంప్యూటరు మూసి, "బియ్యం నానబెట్టావా?" అని అడిగింది.

మర్నాడు మా వెనక కుళాయికి తిప్పే పిడి లేదు. పిన్ని ఊడదీసి తన కెమెరా సంచిలో వేసుకుంది. ఆ రోజు నుంచి సందు పొడిగానే ఉంది. బామ్మ మాత్రం రోజూ అదే వేళకు వచ్చి పీట మీద కూర్చుని, పిడి లేని ఇనుప ములుకును వేళ్లతో తిప్పుతూ ఉండేది. వేళ్లు ఒరుసుకుపోయి గుడ్డ కట్టాల్సొచ్చింది. గుడ్డ కట్టిన వేళ్లతో తిప్పేది.

రంగులావిడ కుళాయికి ఆఫీసు వాళ్లు తీగ చుట్టి సీసపు బిళ్ల వేసి వెళ్లారు. ఆవిడ వీధి చివర ట్యాంకరు దగ్గర రెండు బిందెలు పట్టుకుని వరసలో నిలబడేది. తాగడానికి సరిపోయే నీళ్లు రంగులకెక్కడ చాలతాయి? ఒక దుప్పటి చారలు చారలుగా వచ్చిందని ఎవరో వీధిలో నిలదీశారు. ఆవిడ గొంతు పెంచలేదు. మేము కెమెరాతో ఎదురుపడితే పక్కకు తప్పుకునేది, గుద్దుకుంటామేమో అన్నట్టు. నేను ఆ రోజుల్లో డైరీలో ఏమీ రాయలేదు. తారీఖులు మాత్రం వేశాను. పదకొండు తారీఖులున్నాయి, కింద ఏమీ లేదు.

పన్నెండో రోజు ఒక ట్రాలీ ఆటో వచ్చింది. మూడు తొట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, తాడేసి కట్టి, ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. మాస్టారు గేటు దగ్గరకొచ్చి, "మా కర్టెన్లు నీ దగ్గరే ఉన్నాయమ్మా" అన్నారు. "తెచ్చిస్తాను మాస్టారూ, ఎక్కడికీ పారిపోవట్లేదు" అని తను వెళ్లే చెల్లెలింటి గుర్తులు చెప్పింది. ఆటో వెళ్లాక ఆ గుమ్మం ముందు నల్లమచ్చ దుమ్ములో కొన్నాళ్లు కనపడుతూనే ఉంది.

ఆ మర్నాడు పిన్ని బజారుకెళ్లినప్పుడు, ఆమె ప్రింటు తీయించి పెట్టుకున్న ఫోటోల్లోంచి ఆ సందువి మూడూ తీసుకున్నాను. గళ్ల పుస్తకం తీసుకున్నాను. నీళ్ల ఆఫీసుకు నడిచి వెళ్లాను. అక్కడ పుస్తకం, ఫోటోలు బల్ల మీద పెట్టాను. గుమాస్తా మంచివాడే. ముందు మంచినీళ్లిచ్చాడు, తర్వాత ఏమిటన్నాడు.

"ఇవి నాలుగో గేటువి కావండీ. అయిదోది."

"అయిదెవరు?"

"మేమే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "మీ పిన్నికి తెలుసా నువ్వొచ్చినట్టు?"

తల అడ్డంగా ఊపాను. ఫోటోలో చెప్పులు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, మూడు చోట్లా నాలుగు కొట్టేసి అయిదు వేయించి, నా చేత సంతకం పెట్టించాడు.

"మరి ఆవిడ సీలు తీసేస్తారా?"

"తీయాలంటే ఆవిడే రాసివ్వాలమ్మా. ఆవిడ సంతకం లేకుండా మేము తీయలేం." ఒక కాగితం ఇచ్చాడు.

ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. చెంప మీద పడుతుందనుకుని ఎదురుచూశాను. పిన్ని కుర్చీలో కూర్చుని కెమెరా కటకం తుడుస్తూ ఉంది.

"నన్నడిగితే నేనే వెళ్లేదాన్నిగా" అంది. కాసేపయ్యాక, "లేదులే. వెళ్లేదాన్ని కాదు" అంది.

మూడో రోజుకి మా కుళాయికి సీసపు బిళ్ల పడింది. పని పోయిందని కాగితం వచ్చింది. బాబాయి వచ్చి బామ్మను పెద్దాయనింటికి తీసుకెళ్లాడు. ఆవిడ ఎక్కడికని అడగలేదు. లారీ ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "వస్తున్నాయా?" అంది. వస్తున్నాయి బామ్మా అన్నాను. అది నాలుగో అబద్ధం. పుస్తకంలో లేదు.

మాస్టారు చెప్పిన గుర్తుల ప్రకారం రెండు బస్సులు మారి వెళ్లాను. చెల్లెలింటి వెనక రేకుల పందిరి. రంగులావిడ మోచేతులదాకా ఎరుపులో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"నీడలోకి రా పాపా, రేకు కింద మాడిపోతావు."

కాగితం ఇచ్చి, చెప్పాల్సింది చెప్పాను. నేల చూస్తూనే చెప్పాను, కానీ మొత్తం చెప్పాను. బామ్మ గురించి కూడా. ఆవిడ గుడ్డ తొట్టిలో తిప్పుతూ విన్నది.

"ఆఫీసులో దిద్దించావా?"

"దిద్దించానండీ. మా కుళాయికి సీలేశారు."

"మీ బామ్మ?"

"పంపేశారు."

ఆవిడ తల ఊపింది. గుడ్డ పైకి తీసి పిండింది. ఎరుపు తొట్టిలోకే కారింది, ఒక్క చుక్క బయట పడలేదు.

"ఒక్కటి అడుగుతాను" అంది. "ఆ సందులో పైదాకా నడిచావా? సగంలో ఆగి, ఇదే అయ్యుంటుందిలే అని రాసేశావా?"

ఆవిడ గొంతు మెత్తగా ఉంది. ఏ జవాబు కావాలో నాకు తెలిసిపోయింది. అది చెప్పడానికి ఒక్క మాట చాలు.

"నడిచాను. మూడుసార్లూ నడిచాను. చూసే రాశాను."

ఆవిడ గుడ్డ కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది, ఎరుపు పోలేదు. నా పెన్ను తీసుకుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడదీసుకుంటూ సంతకం పెట్టింది. కాగితం మూల మీద ఆవిడ బొటనవేలి ఎరుపు అంటుకుంది.

"సగంలో ఆగి ఉంటావనుకున్నాను" అంది. "చిన్నపిల్ల, పొద్దున్నే అంత దూరం ఎక్కడ నడుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకుని నిన్ను ఎప్పుడో క్షమించేశాను పాపా. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి."

కాగితం నా చేతికిచ్చింది.

"వెళ్లు. ఆఫీసు మూసేస్తారు."